మా వీధికి స్పెసిఫికేషన్ ఎవరు రాశారు?

మొన్నటి వానల్లో ఓ రాత్రి నాన్న ఫోన్ చేశారు. నేనప్పుడు ఆఫీసు కాల్‌లో, ఓ రిలీజ్ మధ్యలో ఉన్నాను. "నీళ్ళు నడవలోకి వచ్చేసేయిరా" అన్నారు. వంశధార గానీ పొంగిందేమో అని కంగారుపడ్డాను. కాదట. వాన మామూలుదే. వీధిలో కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు మా వీధి అరుగు కంటే బెత్తెడు ఎత్తుంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోశారు. అంతకు ముందు ఒకసారీ అలాగే పోశారు. నా చిన్నప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కితే అరుగు. ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి దిగాలి.

"పోసే ముందు ఎవర్నైనా అడిగారా?" అన్నాను.

"మనల్నెవరడుగుతార్రా? ఎస్టిమేటు పైనుంచి వొచ్చీసింది, పోసీసేరు."

మాది కోటబొమ్మాళి పక్కన ఓ చిన్న ఊరు. పేరు చెప్పను, ఎవర్నీ బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. కానీ నాన్న మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది. మన ఉద్యోగాల్లో యూజర్‌ని అడక్కుండా కోడ్ రాస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. కనీసం అడిగినట్టు నటిస్తాం. మరి ఇల్లూ వీధీ ఎలా ఉండాలన్న రూల్స్ విషయంలో అక్కడ ఉండేవాళ్ళని అడగడం అనేది మన దగ్గర ఎప్పుడైనా జరిగిందా? ఖాళీ దొరికినప్పుడల్లా చదువుతూ పోయాను. తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

రాయని రూల్స్

ముందు మా ఊళ్ళ గురించి చెప్పాలి. కృష్ణా, గోదావరి జిల్లాల మిత్రులు మొదటిసారి మావైపు వచ్చినప్పుడు ఆశ్చర్యపోతారు. వాళ్ళ దగ్గర ఇల్లంటే చుట్టూ జాగా, ప్రహరీ. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో చాలాచోట్ల ఇళ్ళన్నీ ఒకదానికొకటి అతుక్కుని బారుగా, రైలుపెట్టెల్లా ఉంటాయి. ఎదురుగా ఇంకో వరస. మధ్యలో వీధి. ఇల్లు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. వీధి అరుగు, నడవ, గది, వంటిల్లు, వెనక పెరడు. ఇచ్ఛాపురం దాటి గంజాం వైపు వెళ్ళినా ఇలాంటి వీధులే కనిపిస్తాయి. వింతేం లేదు, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మా టెక్కలి ప్రాంతం కూడా గంజాం జిల్లాలోదే. తర్వాత విశాఖ జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా పుట్టింది 1950లో.

ఇలా బారుగా ఇళ్ళుండాలంటే కొన్ని ఒప్పందాలు ఉండాలి. మా వీధిలో ఉన్నవి ఇవి. పక్కింటికీ మనకీ గోడ ఒకటే, దాన్ని ముట్టుకోవాలంటే ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఎవరి అరుగూ వరస దాటి వీధిలోకి రాకూడదు. కప్పు వాలు ఒకటి వీధిలోకి, ఒకటి పెరట్లోకి, పక్కింటి మీదకి ఎప్పుడూ కాదు. అరుగు ఎత్తు అటూ ఇటూ ఉన్న అరుగుల్ని బట్టే ఉండాలి. చిన్నప్పుడు వీధి ఈ చివరి అరుగెక్కి ఆ చివరిదాకా కాలు నేల మీద పెట్టకుండా పరిగెత్తేవాళ్ళం. దాని వెనక ఇంత డిజైన్ ఉందని అప్పుడేం తెలుసు?

ఇంకాస్త సముద్రం వైపు వెళ్తే వేరే రూలు. అక్కడ బెస్తపల్లెల్లో చుట్టిళ్ళుండేవి. గుండ్రటి మట్టిగోడ, దాదాపు నేలదాకా దిగే తాటాకు కప్పు. గాలికి మూల దొరకదు, చూరు పట్టుకుని లేపడానికి సందు దొరకదు. ఏ ఇంజనీరూ గీసి ఇవ్వలేదు. తుఫానుల్లో ఏది నిలబడిందో చూసి నేర్చుకున్నారంతే. మన భాషలో చెప్పాలంటే కొన్ని వందల ఏళ్ళ ప్రొడక్షన్ టెస్టింగ్.

ఇక్కడ ఆగి ఓ మాట చెప్పుకోవాలి, లేకపోతే "ఆ రోజులే వేరు" అనే టైపు వ్యాసం అయిపోతుంది. ఈ రూల్స్ చేసినవాళ్ళు ఊరందరూ కాదు. రచ్చబండ మీద కూర్చునేది కొంతమంది మగవాళ్ళు. వీధి వరస ఆగేది కులం ఆగిన చోట. మాలమాదిగల పేట ఎక్కడుండాలో నిర్ణయించినప్పుడు వాళ్ళనెవరూ అడగలేదు. ఆ వంటిల్లు అంత చీకటిగా ఎందుకుండాలి అని అమ్మనీ ఎవరూ అడగలేదు. ఇంకోటి అగ్గి. తాటాకు, గడ్డి కప్పుల రోజుల్లో ఒకింట్లో నిప్పురవ్వ లేస్తే వరసంతా బూడిద. వేసవి వచ్చిందంటే మా జిల్లాల పేపర్లలో ఆ వార్తలే ఉండేవి. అంటే పాత స్పెసిఫికేషన్లో బగ్స్ ఉన్నాయి. కాకపోతే అది రాసినవాళ్ళు అదే వీధిలో ఉండేవాళ్ళు, బగ్ వస్తే ముందు కాలేది వాళ్ళిల్లే.

ఎమ్డెన్ ముంచిన మ్యాపులు

రాసిన రూల్స్ కథ మద్రాసులో మొదలవుతుంది. 1914 సెప్టెంబరులో జర్మన్ నౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుళ్ళు కురిపించిన సంగతి మన తాతల కాలం వాళ్ళు కథలుగా చెప్పేవారు. అదే ఎమ్డెన్ కొన్ని వారాల తర్వాత క్లాన్ గ్రాంట్ అనే ఓడని ముంచింది. అందులో పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండు ఆయన నగరాల ఎగ్జిబిషన్ సామాను, అంటే ఏళ్ళ తరబడి పోగేసిన మ్యాపులు, బొమ్మలు, అన్నీ సముద్రం పాలయ్యాయి. ఆయన్ని పిలిచింది మద్రాసు గవర్నరు లార్డ్ పెంట్లండ్. మిత్రులు ఇంగ్లండు నుంచి మళ్ళీ పోగుచేసి పంపితే 1915 జనవరిలో మద్రాసులో ఎగ్జిబిషన్ జరిగింది.

గెడ్డెస్ అసలు చదువు జీవశాస్త్రం. మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్ళు తిరిగి రిపోర్టులు రాశాడు. అప్పటి మునిసిపల్ ఇంజనీర్లకి ఒకటే మందు తెలుసు. ఇరుకు పేట కనిపిస్తే మధ్యలోంచి తిన్నగా వెడల్పాటి రోడ్డు కొట్టెయ్యడం. గెడ్డెస్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ముందు రోగం ఏంటో చూడండి, తర్వాత కత్తి పట్టండి అన్నాడు. పేటలో తిరిగి, పాడుబడ్డ నాలుగిళ్ళు తీసేసి, ఆ ఖాళీల్లో చెట్టూ బావీ పెట్టి, మిగతా ఇళ్ళని అలాగే ఉంచితే ఖర్చూ తక్కువ, జనం రోడ్డున పడరు అని తంజావూరు లాంటిచోట్ల లెక్కలు వేసి చూపించాడు. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు కన్సర్వేటివ్ సర్జరీ. మన రీఫ్యాక్టరింగ్ అన్నమాట. పూర్తిగా చెరిపి కొత్తగా రాద్దాం అనే కుర్ర మేనేజర్లకి ఈయన రిపోర్టులు చదివించాలి.

ఆయనది ఇంకో కథ నాకు బాగా ఇష్టం. 1917-18 ప్రాంతంలో ఇండోరులో ప్లేగు. జనం ఆయన్ని అనుమానంగా చూస్తున్నారు, ఇళ్ళు కూల్చడానికి వచ్చినవాడని. ఆయన మహారాజుని అడిగి దీపావళి ఊరేగింపు బాధ్యత ఒక్క రోజుకి తీసుకున్నాడు. మామూలు దారిలో కాదు, ఇళ్ళు శుభ్రం చేసి బాగుచేసుకున్న వీధుల గుండానే ఊరేగింపు వస్తుందని చాటించాడు. జనం పోటీలు పడి బండ్ల కొద్దీ చెత్త ఎత్తిపోశారు. నోటీసులు, జరిమానాలు చెయ్యలేని పని మా వీధి బాగుండాలన్న పంతం చేసింది. మా కొత్తమ్మతల్లి జాతర ముందు కోటబొమ్మాళి చూసినవాళ్ళకి ఈ కథ వింతగా అనిపించదు.

సరే, ఇదంతా అయ్యాక మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం 1920లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రోజుకీ టౌన్ ప్లానింగుకి పునాది చట్టాల్లో అదొకటి. అందులో జనం పాత్ర ఏంటంటే, ప్లాను తయారయ్యాక ప్రకటిస్తారు, ఆస్తి ఉన్నవాళ్ళు అభ్యంతరం చెప్పుకోవచ్చు, ఆఖరున ప్రభుత్వం ఆమోదిస్తుంది. గమనించారా? గెడ్డెస్ చెప్పింది ముందు అడగమని. చట్టం తీసుకున్నది తర్వాత అడగడం. అంటే రిక్వైర్‌మెంట్స్ మీటింగు లేదు, డైరెక్టుగా యూజర్ టెస్టింగు. అది కూడా డెలివరీ ముందురోజు.

ఒకే సైజు చొక్కా

తర్వాత ప్రభుత్వమే ఇళ్ళు కట్టడం మొదలైంది. 1977 నవంబరు 19న దివిసీమ తుఫాను పది వేలకి పైగా ప్రాణాలు తీశాక పక్కా ఇళ్ళ మాట గట్టిగా వినపడింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 2006లో ఇందిరమ్మ. 2020 డిసెంబరు 25న పేదలందరికీ ఇళ్ళ పట్టాలు, పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. ఇల్లు 340 చదరపు అడుగులు. 2025 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వుల్లో స్థలాన్ని పల్లెల్లో మూడు సెంట్లకి, పట్టణాల్లో రెండుకి పెంచారు.

వీటి వల్ల మేలు జరగలేదని నేను అనను. మా ఊళ్ళో తాటాకు కింద పుట్టినవాళ్ళు ఈ రోజు శ్లాబు కింద పడుకుంటున్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఆ శ్లాబు విలువ ఏంటో మావాళ్ళకి తెలిసింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూకటివేళ్ళతో పోయాయి. శ్లాబులు ఉన్నవాళ్ళు ఆ రాత్రి పక్కవాళ్ళని పిలిచి తలదాచుకోనిచ్చారు.

నా గొడవల్లా డిజైన్ గురించి. 2020 పథకంలో లబ్ధిదారుకి మూడు ఆప్షన్లు ఇచ్చారు. సామాను తీసుకుని కట్టుకోవడం, డబ్బు తీసుకుని కట్టుకోవడం, ప్రభుత్వమే కట్టివ్వడం. మూడూ ఎవరు కడతారన్నదాని గురించే. సముద్రం ఒడ్డున వలలు ఎక్కడ ఆరేసుకోవాలి, వడ్లు ఎక్కడ పోసుకోవాలి, ఆవుని ఎక్కడ కట్టుకోవాలి అన్నవి ఏ ఆప్షన్‌లోనూ లేవు. కాలనీ ఇల్లు తీసుకున్న మా చిన్నాన్న మొదట చేసిన పని ఇంటి ముందు రేకులతో పంచ దింపడం. వరసలో అందరూ అదే చేశారు. ఒకే ఫీచరు అందరూ సొంతంగా కట్టుకుంటున్నారంటే ప్రొడక్టులో ఏం లోటుందో చెప్పడానికి కన్సల్టెంటు అక్కర్లేదు.

అడిగినచోట ఏమైంది?

మనవాళ్ళు అడిగిన సందర్భాలు అసలు లేకపోలేదు. హైదరాబాదులో 1967లో మునిసిపల్ కార్పొరేషన్ అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అని ఓ ప్రయోగం మొదలుపెట్టింది. బస్తీల్లో కమిటీలు, ముందు ఏం కావాలో బస్తీవాళ్ళే చెప్పడం. 70ల చివర్లో పట్టాలు, బ్యాంకు అప్పులు ఇప్పించి ఇళ్ళు వాళ్ళనే కట్టుకోనిచ్చారు. 80లలో బ్రిటిష్ సాయంతో ఈ పద్ధతి విశాఖ బస్తీలకీ, తర్వాత విజయవాడకీ వెళ్ళింది. దేశం బయట దీని గురించి పుస్తకాలొచ్చాయి. మనలో ఎంతమందికి తెలుసు? నేను ఇరవై ఏళ్ళు హైదరాబాదులో ఉండి మొన్నమొన్నే విన్నాను.

రెండు భూకంపాలు పక్కపక్కన పెడితే ఇంకా బాగా అర్థమవుతుంది. 1993 సెప్టెంబరు 30న లాతూరు భూకంపం. 52 ఊళ్ళని పూర్తిగా వేరేచోటికి మార్చి, పట్నం లేఅవుట్లలా వెడల్పాటి రోడ్లతో కట్టారు. వాడా ఇళ్ళలో లోపలి వాకిలి చుట్టూ బతికిన రైతులకి ఆ గళ్ళనుడికారం ఊళ్ళు చాలాకాలం సొంతం అనిపించలేదు. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపం. అక్కడ ఎక్కువమంది మా ఊరు వదలం, మా ఇల్లు మేమే కట్టుకుంటాం అన్నారు. ప్రభుత్వం డబ్బు విడతలుగా ఇచ్చింది, భూకంపానికి తట్టుకునే రూల్స్ ఇచ్చింది, ఇంజనీర్ల చేత చెక్ చేయించింది. మిగతాది ఇంటివాళ్ళ ఇష్టం. రెండు లక్షల పైచిలుకు ఇళ్ళు అలా లేచాయి. అన్నట్టు, ఆ భూకంపంలో కచ్ఛ్ ప్రాంతపు గుండ్రటి మట్టి ఇళ్ళు, వాళ్ళు భుంగా అంటారు, బాగా నిలబడ్డాయి. మా చుట్టిళ్ళ అన్నదమ్ములు.

ఇక అమరావతి. రాజకీయం పక్కన పెట్టండి, దానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి. 2015లో భూసమీకరణ. ఎకరం మెట్ట ఇస్తే 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు అయితే వాణిజ్యం 450. 2015 డిసెంబరులో ముసాయిదా మాస్టర్ ప్లాను ప్రకటించి అభ్యంతరాలు అడిగారు. రైతులు ఎక్కువగా భయపడింది ఊళ్ళ మీదుగా వెళ్ళే రోడ్ల గురించి. 2017లో శాసనసభ భవనం డిజైన్లు జనం ముందు పెట్టి ఏది బాగుందో చెప్పమన్నారు, రాజమౌళి గారి సలహా కూడా తీసుకున్నారు. నాకు నవ్వు రాలేదు గానీ ఓ ఆలోచన వచ్చింది. ఏడాదికి కొన్ని రోజులు తెరిచే భవనం ఆకారం గురించి కోట్లమందిని అడగగలిగాం. రోజూ తొక్కే గడప ఎత్తు గురించి పద్నాలుగిళ్ళవాళ్ళని అడగలేకపోయాం.

ఇంగ్లండులో దీన్ని చిన్నగా మొదలుపెట్టారు. 1994లో కేంబ్రిడ్జి పక్కన కాటెన్‌హామ్ అనే ఊరివాళ్ళు మా ఊరి ఇళ్ళు ఇలా ఉంటాయి, కొత్తవి కడితే ఇవి గమనించండి అని ఓ పత్రం రాసుకున్నారు. ఫొటోలు, వీధి కొలతలు, కప్పు వాలు, కంచెలతో సహా. అధికారులు దాన్ని అనుమతులిచ్చేటప్పుడు చూడాల్సిన పత్రంగా తీసుకున్నారు. 2011లో లోకలిజం చట్టం ఇంకో అడుగు వేసింది. ఊరివాళ్ళు రాసుకున్న ప్లానుకి ఊళ్ళో ఓటింగు పెట్టి నెగ్గితే చట్టబలం వస్తుంది. 2013 మార్చిలో అప్పర్ ఈడెన్ అనే కొండప్రాంతం మొదట నెగ్గింది. అక్కడా విమర్శలున్నాయి. తీరికా చదువూ ఉన్నవాళ్ళే రాసేస్తారని, కొత్తవాళ్ళని రానివ్వకుండా రూల్స్ వాడుకుంటారని. మా రచ్చబండ జబ్బే, సూటు వేసుకుంది.

మన దగ్గర దారి లేదా అంటే ఉంది. 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకి చోటిచ్చింది, 1994 పంచాయతీరాజ్ చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. కానీ పల్లెల లేఅవుట్లకీ ఇళ్ళకీ 2002లో వచ్చిన రూల్స్ రాష్ట్రం మొత్తానికీ ఒకటే. అనంతపురం ఎండకీ అవే, మా తుఫానుకీ అవే.

ఇప్పుడు అసలు సంగతి

ఇంతవరకూ కాంట్రాక్టర్నీ, చట్టాన్నీ అన్నాను. ఇప్పుడు నా గురించి చెప్పాలి.

రెండేళ్ళ క్రితం మా ఇల్లు పడగొట్టి రెండంతస్తులు కట్టాలని నేనే ప్లాను గీయించాను. హైదరాబాదులో తెలిసినాయన గీశారు. వాస్తు చూశాం, కార్ పార్కింగు చూశాం, చుట్టూ జాగా వదిలాం. నాన్నకి వాట్సాప్‌లో పంపాను. ఆయన ప్రింటు తీయించి అరుగు మీద అందరికీ చూపించారు. పక్కింటి మావయ్య చాలాసేపు చూసి ఒకటే అడిగారట. "బాగుంది. మరి మద్దిగోడ తీసేస్తే నా దూలాలెక్కడ పెట్టుకోవాల?"

ఉమ్మడి గోడ. ఆయన కప్పు సగం బరువు దాని మీదే ఉంది. గోడకి ఆసరా పొందే హక్కు గురించి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలోనే ఉందని తర్వాత చదివాను. కానీ చట్టం కాదు నన్ను సిగ్గుపడేలా చేసింది. ఆ ఇంట్లో నేను అన్నం తిన్నాను. ఆ గోడకి అటువైపు ఓ ఇల్లుందన్న సంగతి నా ప్లానులోనే లేదు. నన్నడక్కుండా రోడ్డు పోసిన కాంట్రాక్టరుకీ నాకూ తేడా ఏంటి?

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చున్నాం. మా వరసలో పద్నాలుగిళ్ళు. ఆడవాళ్ళని కూడా కూర్చోమన్నాం. మొదట నవ్వుకున్నారు గానీ కాలవ సంగతి వచ్చేసరికి వాళ్ళే మాట్లాడారు. వాడిన నీళ్ళు ఎత్తిపోసేది వాళ్ళే కదా. చివరికి ఓ కాగితం మీద ఐదు మాటలు రాశాం. రోడ్డు మళ్ళీ వేస్తే పాతది తవ్వి వెయ్యాలి. గోడ తీసేవాడు పక్కవాడి దూలాలకి ముందు స్తంభాలు కట్టివ్వాలి. వాన నీరు పక్కింటి మీద పడకూడదు. అరుగు వరస దాటకూడదు. శ్లాబు ఎంత ఎత్తైనా వేసుకోవచ్చు గానీ వీధి వైపు పంచ ఉండాలి.

పదకొండిళ్ళవాళ్ళు సంతకం పెట్టారు. ముగ్గురు పెట్టలేదు. వాళ్ళలో ఒకాయన కారణం సబబుగానే ఉంది. ఆయన ముందు వైపు కొట్టు పెట్టుకోవాలనుకుంటున్నాడు, పంచ ఉంటే కుదరదు. ఆ ఐదోది మార్చాలేమో. ఈ కాగితానికి చట్టంలో విలువ లేదు. వచ్చే గ్రామసభలో పెడతామని నాన్న అంటున్నారు. రోడ్డు ఇంకా అలాగే ఉంది. ఈ వానాకాలానికి గడప ముందు ఇసక బస్తాలే గతి.

నా ప్లాను మళ్ళీ గీయిస్తున్నాను. ఈసారి మొదటి గీత ఆ మద్దిగోడ. కార్ పార్కింగు పోయింది. అరుగు మిగిలింది.

మీ ఊళ్ళో వీధి ఎత్తు ఎవరు నిర్ణయించారో మీకు తెలుసా? ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు అడగండి. మీరు కూడా నాలాగే ఇల్లు కట్టిస్తుంటే, ప్లాను ముందు పక్కింటివాళ్ళకి చూపించండి.